పుష్పకైంకర్య ధురీణులు అనంతాళ్వారు

చేయు పనినే ఆనందముగా భావించి జీవితము గడపిన మహనీయులలో అనంతాళ్వారు అగ్రగణ్యులు. కన్నడ దేశమున జన్మించి, భగవద్రామానుజుల (1017-1137) శిష్యకోటిలో చేరిరి.

శ్రీరంగమున రామానుజులు ఒకనాడు తిరువాయ్‌మొళికి అర్థము చెప్పుచుండిరి. వేంకటాచలమున ఎడతెగని కైంకర్యము చేయవలెనని నమ్మాళ్వారులు కోరిన ఘట్టము వచ్చెను. కొండపై నందనవనము పెంచి, స్వామికి పూమాలలు సమర్పింపగలవారు ఎవరని ఆచార్యులు ప్రశ్నించిరి. ఆనాటి తిరుమల కీకారణ్యము, చలి దుస్సహము. సభ అంతయు మౌనము వహింపగా, అనంతాళ్వారులొక్కరే లేచి నిలిచిరి. ఆచార్యులు వారి ధైర్యమును మెచ్చి పంపిరి.

వారు భార్యాసమేతముగా కొండకు వచ్చి తోట వేసి, దానికి రామానుజుల పేరే పెట్టిరి. మొక్కలకు నీటికొరకు చెరువు త్రవ్వబూనిరి. తాము గునపముతో త్రవ్వుచుండగా, గర్భవతియైన భార్య మట్టితట్టలు మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయము చేయుదుననెను. గురువు తమకప్పగించిన సేవలో ఇతరులకు పాలు ఇచ్చుట అనంతాళ్వారులకు సమ్మతము గాలేదు. వారు కాదన్నను, బాలుడు వారి కనుచాటున ఆ ఇల్లాలి తట్టనందుకొని మోయసాగెను. అది కనిపెట్టి కోపముతో గునపము విసరగా, బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు పరుగిడి అదృశ్యుడయ్యెను. పిమ్మట సన్నిధిలో స్వామి చుబుకమునుండి రక్తము స్రవించుట చూచి, అనంతాళ్వారులు విలపించి గాయమునకు పచ్చకర్పూరము అద్దిరని పెద్దలు చెప్పుదురు. నేటికిని స్వామి చుబుకమున కర్పూరము కలదు. ఆ గునపము మహాద్వారము చెంత యాత్రికులకు దర్శనమిచ్చుచున్నది.

పనియందలి ప్రీతి గొప్పదే. కాని అది నాదను పట్టుదలగా మారినపుడు చూలాలి తలపైని బరువు కూడ కంటికి ఆనదు. స్వామి ఆ బరువును చూచెను. దానిని పంచుకొనుటకే దెబ్బ సహించెను.

మరియొకనాడు మాల కట్టుచుండగా స్వామి పిలిపించినను, అది ముగియువరకు వారు కదలలేదట. గురువు ఆజ్ఞాపించిన పని నడుమ విడువరాదని విన్నవించిరట. ఇంకొకసారి పాము కరచినను చికిత్స కోరలేదు. విషము గెలిచినచో విరజలో స్నానమాడి పరమపదమున సేవింపవచ్చును. తాము గెలిచినచో పుష్కరిణిలో మునిగి ఇచ్చటనే సేవింపవచ్చునని నిశ్చింతగా ఉండిరి. ఎచ్చట ఉన్నను చేయునది సేవయే అయినపుడు భయమునకు తావెక్కడ?

ఏటేట బ్రహ్మోత్సవముల మరునాడు, బాగ్ సవారి ఉత్సవమున, స్వామి అప్రదక్షిణముగా బయలుదేరి అనంతాళ్వారుల తోటకు వేంచేయుదురు. సేవకుని తోటకు స్వామియే వచ్చుట ఈ క్షేత్రపు విశేషము.

పెరటి తులసికి నీరు పోయు గృహస్థుడైనను ఆ పనిని మనసార చేయవలెను. ఇంటిలోని చిన్నవాడు చెంబు పట్టుకొని తోడు వచ్చినచో, కాదనరాదు. వచ్చినవాడు ఎవరో మనకు తెలియదు.