1843లో వంతెన రాయి మీద చెక్కారు.. ఇప్పుడు మీ ఫోన్‌లో తిరుగుతోంది!

నెల్లిమర్లలో చంపావతి ఒడ్డున నిలబడి 360 డిగ్రీల వీడియో ఒకటి పెట్టండి. ఫోన్ ఎత్తితే ఆకాశం, వంచితే నేల, తిప్పితే పక్కనున్నవి కనిపిస్తాయి. ఎటు తిరిగిందో ఫోన్‌కి ఎలా తెలుస్తోంది? ఆ లెక్క ఐర్లండ్‌కు చెందిన సర్ విలియం రోవన్ హామిల్టన్‌ది.

1805లో డబ్లిన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే సంస్కృతంతో సహా బోలెడు భాషలు పట్టేశారు. 1827లో ఇంకా డిగ్రీ పూర్తవకుండానే ట్రినిటీ కాలేజీలో ఖగోళశాస్త్ర ప్రొఫెసర్ పోస్ట్ వచ్చింది. కాపురం డన్‌సింక్ అబ్జర్వేటరీలో. నక్షత్రాలు చూడటం తక్కువే, ధ్యాసంతా లెక్కల మీదే.

కాగితం మీద గీతను తిప్పాలంటే రెండు అంకెల జంట చాలు. మరి గాల్లో ఉన్న వస్తువును తిప్పాలంటే? మూడు అంకెలు సరిపోతాయని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. కూడిక, తీసివేత కుదిరాయి. గుణకారం మాత్రం కుదరలేదు. పొద్దున్నే టిఫిన్ దగ్గర కొడుకులు కూడా లెక్క తేలిందా అని అడిగేవారట. పాపం, తల అడ్డంగా ఊపడమే!

1843 అక్టోబర్ 16. భార్యతో కలిసి రాయల్ కెనాల్ గట్టు మీద నడుస్తుండగా సంగతి తట్టింది. మూడు కాదు, నాలుగు అంకెలు కావాలి! జేబులోంచి కత్తి తీసి బ్రూమ్ వంతెన రాయి మీద సూత్రం చెక్కేశారు. అదే క్వాటర్నియన్.

ఇందుకు ఓ పెద్ద నియమాన్ని వదులుకోవాల్సి వచ్చింది. రెండు మూళ్లు, మూడు రెళ్లు ఒకటే కదా. క్వాటర్నియన్లలో వరస మారితే జవాబు మారిపోతుంది. నమ్మకం లేదా? ఫోన్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టండి. స్క్రీన్ మీవైపు వచ్చేలా నిలబెట్టి, తర్వాత గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు తిప్పండి. స్క్రీన్ మీ ఎడమకి చూస్తుంది. ఈసారి ముందు తిప్పి, తర్వాత అవతలి అంచు పట్టుకుని లేపండి. ఫోన్ అడ్డంగా, మీవైపే చూస్తూ నిలబడుతుంది!

ఫోన్‌లో గైరోస్కోప్ ఎంత వేగంగా తిరుగుతున్నారో చెబుతుంది. ఆ చిన్న చిన్న తిరుగుళ్లన్నీ కలుపుకుంటూ పోతే తప్పులూ పేరుకుంటాయి. అందుకే కింద ఎటో యాక్సెలరోమీటర్, ఉత్తరం ఎటో మాగ్నెటోమీటర్ చెప్పి సరిదిద్దుతాయి. మూడు కోణాలతోనే లెక్క నడిపితే, ఫోన్ నిట్టనిలువుగా లేచినప్పుడు రెండు కోణాలు ఒకటైపోయి లెక్క చిక్కుపడుతుంది. నాలుగు అంకెలకు ఆ బాధ లేదు.

హామిల్టన్ మిగతా జీవితమంతా దీనికే ధారపోశారు. 1865 సెప్టెంబర్ 2న కన్నుమూశారు. ఆయన రాసిన పెద్ద పుస్తకం ఆ మరుసటి ఏడాది గానీ అచ్చు కాలేదు. తర్వాత వెక్టార్లు వచ్చి క్వాటర్నియన్లను మూలన పడేశాయి. అంతరిక్ష నౌకలు, కంప్యూటర్ బొమ్మలు వచ్చాక మళ్లీ బయటికి తీశారు.

వంతెన మీద ఆయన చెక్కిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. 1958లో అక్కడ ఓ ఫలకం పెట్టారు. ఏటా అక్టోబర్ 16న డన్‌సింక్ నుంచి ఆ వంతెన దాకా లెక్కల అభిమానులు నడుస్తుంటారు.