ఇసుకలో దిద్దిన చేయి

ఆదివారం సాయంత్రం డుమస్ వెళ్ళినప్పుడల్లా మేము మొదట చేసే పని ఒకటే. వేడివేడి టమాటా భజియా చేతికి అందేలోగా నల్ల ఇసుకలోకి పరుగెత్తి, వేలితో మా పేర్లు తెలుగులో రాసుకుంటాం. బడిలో మాకు తెలుగు పాఠం లేదు. అమ్మ దగ్గర, వేసవి సెలవుల్లో అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలే మా ఆస్తి. కెరటం వచ్చి తుడిచేస్తే కాస్త పైకి జరిగి మళ్ళీ రాస్తాం. నాన్నకు బదిలీ కాగితం వచ్చినప్పుడల్లా కొత్త ఊళ్ళో మేము చేసేదీ అదే.

ఇలాగే ఇసుకలో అక్షరాలు దిద్దుకున్న ఒక పల్లెటూరి పిల్లవాడి కథ మాకు చాలా నచ్చింది. అది మీకు చెబుతాం.

ఆయన పేరు గోవిందప్ప వెంకటస్వామి. 1918 అక్టోబరు 1న తమిళనాడులోని వడమలాపురం అనే చిన్న ఊళ్ళో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. అయిదుగురు పిల్లల్లో పెద్దవాడు. ఆ ఊరి బడిలో కాగితాలు, పెన్సిళ్ళు లేవు. పిల్లలు ఏటి ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి నేలమీద పరచి, దానిమీద వేలితో రాసేవారు. ఆయన చిన్నతనంలోనే వరసకు అక్కచెల్లెళ్ళయ్యే ముగ్గురు కాన్పు కష్టమై చనిపోయారు. దగ్గరలో వైద్యుడు లేడు. అప్పుడే ఆయన డాక్టరు కావాలని, ముఖ్యంగా కాన్పులు చేసే డాక్టరు కావాలని నిశ్చయించుకున్నారు.

మదురైలోని అమెరికన్ కాలేజీలో రసాయనశాస్త్రం, ఆ తర్వాత మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. 1944లో డాక్టరై సైన్యంలో చేరారు. అనుకున్నది అనుకున్నట్టే జరుగుతున్నదనిపించే వేళ పెద్ద దెబ్బ తగిలింది. ముప్పై ఏళ్ళ వయసులో కీళ్ళవాతం పట్టుకుంది. నెలల తరబడి మంచం మీదే ఉన్నారు. నిలబడలేరు, కలం పట్టలేరు. చేతివేళ్ళు వంకరపోయాయి, మళ్ళీ ఎన్నడూ సరికాలేదు. 1948లో సైన్యం నుంచి బయటికి వచ్చేశారు. ఆ వేళ్ళతో కాన్పులు చేయడం అసాధ్యమని తేలిపోయింది. చిన్ననాటి కల అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడే ఆయన కథ మలుపు తిరిగింది. ఒక దారి మూసుకుపోతే వైద్యమే మానుకోలేదు, దారి మార్చుకున్నారు. కంటి వైద్యం చదివి 1951లో డిప్లొమా పొందారు. తన చేతికి తగినట్టు పనిముట్లు చేయించుకుని, వంకర వేళ్ళతో కత్తి పట్టడం మొదటినుంచీ నేర్చుకున్నారు. మెల్లమెల్లగా చేయి కుదిరింది. ఒక్క రోజులో వంద ఆపరేషన్లు చేసే స్థాయికి చేరారు. జీవితం మొత్తంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు ఆ చేతులతోనే చేశారు.

కంట్లో సహజంగా ఒక కటకం ఉంటుంది. వయసు మీద పడ్డాక అది మబ్బు పట్టినట్టు తెల్లబడుతుంది. దాన్నే శుక్లం అంటారు. మన దేశంలో ఎందరో ముసలివాళ్ళు చూపు కోల్పోవడానికి ఇదే పెద్ద కారణం. చిన్న ఆపరేషన్‌తో చూపు తిరిగి వస్తుంది. అయినా పల్లెల్లో లక్షలమంది చీకట్లోనే ఉండిపోయేవారు.

1956 నుంచి ఆయన మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో కంటి విభాగానికి అధిపతి. మన నాన్నల్లాగే ప్రభుత్వ ఉద్యోగి. రోగులు పట్నం రాలేకపోతే డాక్టర్లే పల్లెకు వెళ్ళాలని, ఊరూరా కంటి శిబిరాలు పెట్టారు. 1973లో పద్మశ్రీ వచ్చింది. 1976లో పదవీ విరమణ చేశారు.

ఆ వయసులో చాలామంది విశ్రాంతి కోరుకుంటారు. ఆయన మాత్రం మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. ఇల్లు తాకట్టు పెట్టారు, ఇంట్లోవాళ్ళ నగలు కూడా కుదువకు వెళ్ళాయి. ఆయన పెళ్ళి చేసుకోలేదు. తోబుట్టువులే ఆయన బలం. చెల్లెలు నాచియార్, ఆమె భర్త నంపెరుమాళ్‌సామి కంటి డాక్టర్లుగా పక్కన నిలిచారు. ఇంజనీరైన తమ్ముడు శ్రీనివాసన్ కట్టడాలు, లెక్కలు చూసుకున్నారు. ఇవ్వగలిగినవారు డబ్బు ఇస్తారు, లేనివారికి ఉచితం. ఎవరు ఏ వైపుకు వెళ్ళాలో రోగే నిర్ణయించుకోవచ్చు, ఆదాయం ఎంతని ఎవరూ ఆరా తీయరు.

అయితే ఆపరేషన్ ఉచితమన్నా శిబిరంలో చూపించుకున్నవారిలో చాలామంది ఆసుపత్రికి రాలేదు. వాళ్ళకు తెలివి లేదని ఆయన విసుక్కోలేదు. ఎందుకు రావడం లేదో కనుక్కున్నారు. బస్సు ఛార్జీ లేదు, తిండికి డబ్బు లేదు, తోడు వచ్చేవారు లేరు. అప్పుడు పద్ధతి మార్చారు. శిబిరం నుంచే బస్సులో తీసుకువచ్చి, భోజనం పెట్టి, ఆపరేషన్ చేసి మళ్ళీ ఊళ్ళో దింపడం మొదలైంది.

మాలో ఒకరి నాయనమ్మ కూడా రెండేళ్ళు ఆపరేషన్ వద్దంది. కత్తికి భయమని అందరం అనుకున్నాం. తీరా అడిగితే, ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి కొడుకు సెలవు పెట్టాలి కదా అని ఊరుకుందట. ఈ ముక్క చదివినప్పుడు మాకు ఆవిడే గుర్తొచ్చింది. రెండేళ్ళలో ఒక్కసారైనా ముందే అడగలేకపోయాం.

నేర్చుకోవడానికి ఆయనకు చిన్నాపెద్దా తేడా లేదు. అమెరికా వెళ్ళినప్పుడు మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు చూశారు. ఎక్కడికి వెళ్ళినా అదే రుచి, అదే వేగం ఎలా సాధ్యమని ఆలోచించారు. ఆ క్రమశిక్షణ తన ఆపరేషన్ గదికి తెచ్చారు. డాక్టరు ఒక బల్ల దగ్గర ఆపరేషన్ ముగించేసరికి పక్క బల్ల మీద ఇంకో రోగి సిద్ధంగా ఉంటారు. ఆ సిద్ధం చేసేది పల్లెల నుంచి వచ్చి అక్కడే శిక్షణ పొందిన అమ్మాయిలు.

తర్వాత కంట్లో అమర్చే కృత్రిమ కటకాలు వచ్చాయి. విదేశాల నుంచి తెప్పిస్తే పేదలకు అందని ధర. పేదలకు అంత ఖరీదైనది ఎందుకన్న మాటకు ఆయన ఒప్పుకోలేదు. 1992లో ఆరోల్యాబ్ అనే సంస్థ పెట్టి ఇక్కడే తక్కువ ధరకు తయారు చేయించారు. అవి ఇప్పుడు వందకు పైగా దేశాలకు వెళుతున్నాయి.

అన్నీ తన చేతిలోనే ఉంచుకోలేదు కాబట్టి, 2006 జూలై 7న ఆయన కన్నుమూసినా ఆసుపత్రి పని ఆగలేదు. ఈనాటికీ ఇంకా పెద్దదవుతూనే ఉంది.

మిత్రులారా, ఈ ఏడాది మాలో ఇద్దరం సూరత్ వదిలి వెళుతున్నాం. కొత్త బడి, కొత్త భాష, కొత్త బెంచీ. దిగులుగానే ఉంది. పోయిన ఆదివారం డుమస్‌లో మా పేర్ల పక్కన ఆయన పేరు కూడా రాశాం. కెరటం తుడిచేసింది. నవ్వుకుని, కాస్త పైకి జరిగి మళ్ళీ రాశాం.