శత్రువు మతస్థులకు తలుపు తెరిచిన అమీర్

అమీర్ అబ్దుల్ ఖాదిర్ అల్ జజాయిరీ (రహ్మలై) పేరు చెప్పగానే ఫ్రెంచి సైన్యాలను పదిహేనేళ్ళపాటు నిలువరించిన యోధుడే మనకు గుర్తుకు వస్తారు. అది నిజమే. అయితే రాజ్యం పోయి, దేశం పోయి, పరాయి ఊరిలో పాఠం చెప్పుకుంటూ బ్రతుకుతున్న కాలంలో ఆయన చేసిన పని ఒకటుంది. దాని గురించి మన ఇళ్ళలో చెప్పుకునేది తక్కువ.

ఆయన 1808లో పశ్చిమ అల్జీరియాలోని ముఅస్కర్ పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి ముహ్యిద్దీన్ ఖాదిరియా సిల్సిలాకు చెందిన పెద్ద. చిన్నతనంలోనే ఖుర్‌ఆన్ కంఠస్థం చేసి, యౌవనంలో తండ్రి వెంట హజ్ చేశారు. 1830లో ఫ్రాన్స్ అల్జీర్స్ నగరాన్ని ఆక్రమించింది. చుట్టుపక్కల తెగలవారు నాయకత్వం వహించమని ముహ్యిద్దీన్‌ను కోరితే, తాను వృద్ధుడినని చెప్పి కుమారుణ్ణి ముందుకు నిలిపారు. 1832లో ప్రజలు అబ్దుల్ ఖాదిర్ చేతిలో బైఅత్ చేశారు. అప్పటికాయన వయస్సు ఇరవై నాలుగేళ్ళు.

యుద్ధాల వివరాలు చాలా ఉన్నాయి, వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను. ఖైదీల విషయం మాత్రం చెప్పాలి. శత్రువు తల నరికి తెచ్చినవాడికి బహుమతి ఇచ్చే ఆచారం ఆ కాలంలో ఉండేది. అమీర్ దాన్ని మాన్పించి, శత్రువును ప్రాణాలతో తెచ్చినవాడికే బహుమతి అన్నారు. పట్టుబడిన స్త్రీల బాగోగులు ఆయన తల్లి స్వయంగా చూసేవారు. తిండిగింజలు చాలని రోజుల్లో, పోషించలేని ఖైదీలను ఆకలితో చంపడం ఇష్టంలేక విడిచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

అవతలి పక్షం ఎలా ప్రవర్తించింది? పంటలు తగలబెట్టారు, పశువులను తోలుకుపోయారు. 1845లో దహ్రా కొండల్లోని గుహలో తలదాచుకున్న ఔలాద్ రియాహ్ తెగవారిని, స్త్రీలనీ పిల్లలనీ చూడకుండా, గుహ ముఖద్వారం దగ్గర మంటపెట్టి పొగతో వందలాదిగా చంపారు. చివరకు 1847 డిసెంబరులో, అలెగ్జాండ్రియాకో అక్కాకో పంపిస్తామని ఫ్రెంచి సేనానులు మాట ఇస్తే, అమీర్ ఆయుధాలు అప్పగించారు. ఆ మాట తప్పారు. కుటుంబంతో సహా ఫ్రాన్స్‌కు తీసుకువెళ్ళి దాదాపు అయిదేళ్ళు బంధించారు. అంబ్వాజ్ కోటలో ఉన్న కాలంలో ఆయన పరివారంలో పాతికమంది దాకా చనిపోయారు. వారిలో ఆయన బిడ్డలూ ఉన్నారు. వారి సమాధులు నేటికీ ఆ కోట తోటలోనే ఉన్నాయి. 1852లో విడుదలయ్యాక ఆయన టర్కీలోని బుర్సాలో కొంతకాలం ఉండి, 1855లో డమాస్కస్ చేరారు.

క్రైస్తవులను ద్వేషించడానికి కారణం వెతకవలసిన అవసరం లేని మనిషి ఆయన. ఒక జాతి మీది పగ మనల్ని న్యాయం నుండి తప్పించరాదని సూరె మాయిదా నేర్పుతుంది. ఆ పాఠం చదవడం సులభమే, పాటించవలసిన ఘడియ వచ్చినప్పుడే కష్టం. ఆయనకు ఆ ఘడియ 1860లో వచ్చింది.

ఆ ఏడాది మే, జూన్ నెలల్లో లెబనాన్ కొండల్లో ద్రూజ్‌లకూ మారొనైట్ క్రైస్తవులకూ మధ్య ఘోరమైన పోరు జరిగింది. హాస్బయా, రాషయా వంటి ఊళ్ళ నుండి ప్రాణాలు చేతబట్టుకొని వచ్చినవారు డమాస్కస్ క్రైస్తవ పేటలో చర్చీల్లోనూ ఇళ్ళ వసారాల్లోనూ కిక్కిరిసిపోయారు. నగరంలో అసలే మనసులు బాగాలేవు. 1856 నాటి ఉస్మానీ సుల్తాన్ ఫర్మానా ముస్లిమేతరులకు సమాన హక్కులిచ్చింది. సైనిక సేవకు బదులు కట్టవలసిన పన్ను దగ్గర పేచీ నడుస్తోంది. యూరప్ వస్త్రాల దిగుమతితో చేతిమగ్గాలు మూలపడ్డాయి. ఆ వ్యాపారంలో కొందరు క్రైస్తవులు బాగుపడటం చాలామందికి కంటగింపయింది. ముప్పు వస్తోందని గ్రహించిన అమీర్ ఊరుకోలేదు. గవర్నరు అహ్మద్ పాషాను పదేపదే కలిసి హెచ్చరించారు. ద్రూజ్ పెద్దలకు ఉత్తరాలు వ్రాశారు. తనతోపాటు వలస వచ్చిన అల్జీరియా వారిని ఆయుధాలతో సిద్ధంగా ఉంచారు. ఏ అధికార పదవీ లేని ఒక ప్రవాసి ఇంతకుమించి ఏం చేయగలడు?

బక్రీద్ గడిచి పది రోజులే అయింది. వీధుల్లో శిలువ గుర్తులు గీసి అవమానించారని కొందరు ముస్లిం కుర్రాళ్ళను పట్టుకొని, సంకెళ్ళతో క్రైస్తవ పేట వీధులు ఊడ్పించబోయారు. జూలై 9న బజారు భగ్గుమంది. గుంపులు పేట మీద పడి దోచుకున్నాయి, చంపాయి, ఇళ్ళు తగులబెట్టాయి. గవర్నరు సైన్యం చూస్తూ నిలబడింది.

ఊరి బయట ఉన్న అమీర్ కబురు విని పరుగున వచ్చారు. కుమారులనూ అనుచరులనూ వెంటబెట్టుకొని మండుతున్న సందుల్లోకి వెళ్ళి, దాక్కున్నవారిని పిలిచి బయటకు తీశారు. విదేశీ కాన్సుల్‌లు, పాదిరీలు, సన్యాసినులు, వారి దగ్గరి అనాథ పిల్లలు, దిక్కులేని శరణార్థులు అందరూ ఆయన ఇంటికి చేరారు. ఇల్లు నిండితే పొరుగున ఉన్న అల్జీరియా వారి ఇళ్ళు తెరిచారు. అవీ చాలక జనాన్ని జట్లుజట్లుగా కోటకు పంపించసాగారు. కోట అంటే శరణార్థులు వణికిపోయారు. హాస్బయాలో సైన్యం రక్షణలోకి వెళ్ళినవారే హతమయ్యారు కదా! అందుకే ప్రతి జట్టు వెంటా తన మనుషులను కాపలాగా పంపారు.

తన ఇంటి మీదికి గుంపు వచ్చినప్పుడు ఆయనే గడప దాటి వచ్చి నిలబడ్డారు. అమాయకులను చంపడం ఏ షరీఅత్‌లో ఉందని నిలదీశారు. తన మనుషుల్లో ఒక్కడు బ్రతికి ఉన్నా వీరిని అప్పగించేది లేదన్నారు. గుంపు వెనుదిరిగింది. ఆ తరువాత క్రైస్తవుణ్ణి ప్రాణాలతో తెచ్చినవారికి తలకు 50 ఖురూష్‌ల చొప్పున ఇస్తానని చాటించారు. ముఅస్కర్ నాటి పద్ధతే! గుమ్మం ముందు చాప పరచుకొని, డబ్బు సంచి పక్కన పెట్టుకొని కూర్చున్నారు. కునుకు తీసినా ఆ చాప మీదే.

ఆ రోజుల్లో వేలమంది చనిపోయారు, వేలమంది బ్రతికారు. బ్రతికినవారిని కాపాడింది అమీర్ ఒక్కరే కాదు. మీదాన్ పేటలోని ముస్లిం పెద్దలు కూడా తమ ఇరుగుపొరుగు క్రైస్తవులను ఇళ్ళలో దాచారు. దాడి చేసినవారి గురించి చెప్పేటప్పుడు వీరినీ తలచుకోవడం న్యాయం. అల్లర్లు సద్దుమణిగాక శరణార్థులను బేరూత్ చేర్చడానికి కూడా అల్జీరియా వారే కాపలా వెళ్ళారు. ఉస్మానీ ప్రభుత్వం పంపిన ఫువాద్ పాషా విచారణ జరిపి, గవర్నరు అహ్మద్ పాషాకే మరణశిక్ష విధించారు.

ఫ్రాన్స్ ఇచ్చే పింఛను కోసమే అమీర్ ఇదంతా చేశారని అన్నవారు ఉన్నారు. పింఛను తీసుకున్న మాట వాస్తవం. కానీ పింఛను తీసుకునేవాడు గుంపు ఎదుట నిలబడాలని ఎవరూ అడగరు, తలుపు వేసుకొని కూర్చున్నా అది ఆగదు. ఫ్రాన్స్, రష్యా, పోప్ పతకాలు పంపారు. అమెరికా అధ్యక్షుడు లింకన్ పిస్తోళ్ళ జత పంపారు. కాకేసస్‌లో రష్యాతో ఏళ్ళ తరబడి పోరాడి, ఆ సమయంలో రష్యాలోనే బందీగా ఉన్న ఇమామ్ షామిల్ కూడా అభినందిస్తూ ఉత్తరం వ్రాశారు. షరీఅత్, మానవత్వం విధించిన బాధ్యతనే నెరవేర్చానని, అందులో ప్రశంసకు ఏమీ లేదని అమీర్ జవాబిచ్చారు.

తరువాతి ఇరవై మూడేళ్ళలో ఎక్కువ కాలం ఆయన డమాస్కస్‌లో బోధనలోనూ ఆరాధనలోనూ గడిపారు. 1883 మే నెలలో పరమపదించారు. సాలిహియాలో ఇబ్నె అరబీ సమాధి పక్కన ఖననం చేశారు. 1962లో అల్జీరియా స్వాతంత్ర్యం పొందిన కొన్నేళ్ళకు ఆయన అవశేషాలను స్వదేశానికి తీసుకువెళ్ళి, అల్జీర్స్‌లోని అల్ ఆలియా ఖబ్రస్తాన్‌లో ఉంచారు.