పరీక్ష వద్దన్న నర్సుల గురువు – ఫ్లారెన్స్ నైటింగేల్

సరిహద్దు మండలాల తెలుగు కుటుంబాలకు నర్సింగు విద్య నేడు కొత్తది కాదు. హోసూరు వైపు పిల్లలు బెంగుళూరుకు, రాయగడ, గంజాం వైపు పిల్లలు విశాఖపట్నానికి, యానాం పిల్లలు కాకినాడకు వెళ్ళి చదువుకొని ఆసుపత్రులలో చేరుతున్నారు. విదేశాలకు వెళ్ళినవారూ ఉన్నారు. అమెరికాలో స్థిరపడిన నర్సులు కొందరు అక్కడ మరొక మెట్టు ఎక్కే ప్రయత్నం చేస్తుంటారు. ఆ మెట్టు పేరు అక్యూట్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్. ప్రాణాపాయంలో ఉన్న రోగిని స్వయంగా పరీక్షించి, రోగనిర్ధారణ చేసి, ఔషధం వ్రాసే అర్హత గల నర్సు అని దాని అర్థం. అందుకు స్నాతకోత్తర విద్య, వందల గంటల పర్యవేక్షిత అభ్యాసం, ఆపైన జాతీయ స్థాయి ధ్రువీకరణ పరీక్ష కావాలి. ఈ విభాగానికి అటువంటి పరీక్ష మొదటిసారి జరిగినది 1995లో.

ఇట్టి పరీక్షలకు కూర్చునే ప్రతి నర్సు తన విద్యారంభంలోనే వినే పేరు ఫ్లారెన్స్ నైటింగేల్. దీపం చేతబట్టి రోగుల నడుమ తిరిగిన దయామూర్తిగా మన పాఠ్యపుస్తకాలు ఆమెను పరిచయం చేస్తాయి. అయితే నర్సులకు అందరికీ ఒకే పరీక్ష పెట్టి, నెగ్గినవారి పేర్లు పట్టికలో వ్రాయడాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించారన్న సంగతి ఆ పాఠాలలో కనిపించదు. ఆమె ఎందుకు వద్దన్నారో తెలియాలంటే ఆమె ఎట్లా నేర్చుకున్నారో ముందుగా తెలియాలి.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో సంపన్న ఆంగ్ల కుటుంబంలో జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ ఇద్దరు కుమార్తెలకూ తానే గురువై గ్రీకు, లాటిన్ భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రం బోధించారు. ఆనాటి ఇంగ్లండులో ఆడపిల్లలకు అట్టి చదువు అరుదు. తన 16వ ఏట, 1837 ఫిబ్రవరిలో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు అనుభూతి కలిగింది. ఏ సేవకో తెలియడానికి మరి కొన్ని సంవత్సరాలు పట్టింది.

1845లో ఆమె సాల్స్‌బరీ పట్టణంలోని ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకుంటానని తల్లిదండ్రులను అడిగారు. ఇంట్లో ఉపద్రవం వచ్చినంత పని అయింది. ఆ కాలపు ఆసుపత్రులు దుర్గంధానికి నిలయాలు. నర్సు అంటే తాగుబోతు స్త్రీ అన్న అపప్రథ ఉండేది. గౌరవ కుటుంబపు పిల్ల ఆ గడప తొక్కడమా అని తల్లి, అక్క కన్నీరు పెట్టుకున్నారు. మన ఊళ్ళలో కూడ ఒకప్పుడు పిల్ల నర్సింగులో చేరతానంటే పెద్దలు ఇట్లాగే అడ్డుపడిన ఇళ్ళు లేకపోలేదు.

అనుమతి దొరకని ఆ ఎనిమిదేళ్ళ కాలమే, నా దృష్టిలో, ఆమె జీవితంలో అతి ముఖ్యమైన భాగం. తెల్లవారక ముందే లేచి, కొవ్వొత్తి వెలుగులో ప్రభుత్వ ఆరోగ్య నివేదికలు, ఆసుపత్రుల లెక్కలు చదివి, పుస్తకాల నిండా వ్రాసుకునేవారు. పొద్దెక్కాక ఏమీ ఎరుగనట్లు ఇంటి పనులలో, అతిథి మర్యాదలలో పాల్గొనేవారు. సిలబస్సు లేదు, గురువు లేడు, పరీక్ష తేదీ లేదు. 1849లో రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్‌తో వివాహ ప్రస్తావన వస్తే నిరాకరించారు. జర్మనీలోని కైజర్స్‌వెర్త్ గ్రామంలో పాస్టరు ఫ్లీడ్నర్ నడిపిన సేవాసదనాన్ని 1850లో చూచి, 1851లో సుమారు మూడు నెలలు అక్కడ ఉండి రోగుల పని చేశారు. అప్పటికి ఆమె వయస్సు 31. విధివిధానంగా పొందిన శిక్షణ అంటూ ఏదైనా ఉంటే ప్రధానంగా అదే. నేటి నియమాల ప్రకారం ఆమెకు ఏ పరీక్షకూ హాలు టికెట్టు దొరకదు.

1853లో లండనులోని హార్లీ వీధిలో రోగగ్రస్తులైన కులీన స్త్రీల కోసం నడిచే చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలయ్యారు. మరుసటి సంవత్సరం క్రిమియా యుద్ధం వచ్చింది. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరికపై 38 మంది నర్సులతో బయలుదేరి 1854 నవంబరు 4న ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కూటరి సైనిక ఆసుపత్రికి చేరారు.

అక్కడి కథ అందరికీ తెలిసినదే గనుక విస్తరించను. తెలియని భాగం ఒకటి ఉన్నది. ఆమె వచ్చిన తరువాత కూడ ఆ శీతకాలంలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్స పొందినవారిలో నూటికి 42 మందికి పైగా మరణించారు. వారిలో అధికులను చంపినది గాయాలు కాదు, విరేచనాలు, జ్వరాలు. ఆ భవనం అడుగున మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. మార్చిలో లండను నుండి పారిశుధ్య సంఘం వచ్చి కాలువలు శుభ్రపరచి, సున్నాలు వేయించి, గాలి ఆడే ఏర్పాటు చేసిన తరువాత జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి సుమారు 2కు దిగింది. పోషణ లేమి, సరఫరాల లోపం, సైనికుల అలసటే మరణాలకు ప్రధాన కారణాలని ఆమె అక్కడ ఉన్నంతకాలం తలచారు. స్వదేశానికి తిరిగివచ్చాక గణాంక నిపుణుడు విలియం ఫార్‌తో కలిసి లెక్కలన్నీ తిరగవేసినప్పుడు గాని అసలు కారణం ఆమెకు బోధపడలేదు.

ఇది ఆమెను కించపరచడానికి చెప్పడం లేదు. దేశమంతా తనను దేవతగా కొలుస్తున్న వేళ, తన కళ్ళ ముందే జరిగినదాన్ని తాను సరిగా చదవలేదని ఒప్పుకొని, ఆ లెక్కలను వృత్తాకార చిత్రపటాలుగా గీయించి ప్రభుత్వం ముందుంచడం సామాన్యమైన పని కాదు. 1858లో గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె. నర్సు కళ్ళు దేనిని చూడాలి, చూచినదాన్ని ఎట్లా వ్రాసి ఉంచాలి అన్న చింత ఆమెను తుదివరకు విడువలేదు.

ప్రజలు ఆమె పేర విరాళంగా ఇచ్చిన సుమారు 45 వేల పౌండ్లతో 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. శిక్షణ ఒక సంవత్సరం. పాఠశాలను మేట్రన్ వార్డ్‌రోపర్ నడిపారు. వ్యాధిగ్రస్తురాలై తరచు గదికే పరిమితమైన నైటింగేల్ దూరం నుండి కనిపెట్టి ఉండేవారు. అక్కడ ప్రతి శిష్యురాలికీ నెలకొక పత్రం నింపేవారు. ఒక వైపు సమయపాలన, నెమ్మది, నమ్మకస్తత్వం, శుచి, వార్డు నిర్వహణ. రెండవ వైపు పని: కట్లు కట్టడం, జలగలు పట్టించడం, ఎనిమా ఇవ్వడం, కదలలేని రోగిని పుండ్లు పడకుండ పక్క మార్చడం, జావ కాచడం, శస్త్రచికిత్స వేళ తోడుండడం. అన్నిటికన్న కడపటిది పరిశీలన: రోగి నాడి, శ్వాస, చర్మం, నిద్ర, ఆకలి, మతి తప్పడం, మందు పనిచేసిన తీరు. ఒక్కొక్కదానికి అతి బాగు మొదలు శూన్యం వరకు తరగతి వేసేవారు.

ఆ జాబితా చదివినప్పుడు నాకు మా ఉపాధ్యాయ శిక్షణ గుర్తుకు వచ్చింది. వ్రాతపరీక్షలో బోధనా పద్ధతుల గురించి పది పుటలు నింపినవారే, పర్యవేక్షకులు వెనుక బెంచీలో కూర్చున్న రోజున నల్లబల్ల ముందు తడబడేవారు. నేనూ తడబడ్డవాడినే.

నైటింగేల్ వాదం ఈ అనుభవానికి దూరమైనది కాదు. 1887లో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ నాయకత్వంలో బ్రిటిష్ నర్సుల సంఘం ఏర్పడింది. సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి 24వ ఏటనే మేట్రన్ అయిన సమర్థురాలు ఫెన్విక్. వైద్యులకు ఉన్నట్లే నర్సులకూ నిర్ణీత శిక్షణ, పరీక్ష, నమోదు పట్టిక ఉండాలని, మూడేళ్ళ శిక్షణ లేనివారిని పట్టికలో చేర్చరాదని ఆ సంఘం కోరింది. నైటింగేల్ ఒప్పుకోలేదు. పరీక్ష జ్ఞాపకశక్తిని కొలుస్తుంది గాని, రాత్రి రెండు గంటలకు రోగి శ్వాస మారడం గమనించే మనస్సును కొలవదని ఆమె అభిప్రాయం. పట్టికకెక్కిన పేరు అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం మారిపోవచ్చు. ఏనాడో నెగ్గిన పరీక్ష నేటి నర్సుకు పూచీ కాజాలదు అన్నది రెండవ ఆక్షేపణ.

ఫెన్విక్ పక్షాన కూడ బలమైన న్యాయం ఉన్నది. చట్టం లేనినాడు ఎవరైనా నర్సునని చెప్పుకోవచ్చు. ఇంట్లో జబ్బుపడిన బిడ్డను ఎవరి చేతిలో పెడుతున్నారో తల్లికి తెలిసే మార్గం లేదు. సూది వేయగలిగిన ప్రతివారినీ డాక్టరుగారని పిలిచిన పల్లెలు చూచినవారికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. సెయింట్ థామస్ వంటి పాఠశాలలో శిష్యురాళ్ళను ఒక్కొక్కరినే ఎరిగిన గురువు ఉండవచ్చు. దేశంలోని వేలాది నర్సులను అట్లా ఎరిగినవారు ఎవరు? ఈ ప్రశ్నకు నైటింగేల్ వద్ద సరియైన సమాధానం లేదనే నా నమ్మకం. 1893లో ఆ సంఘానికి రాజశాసనం లభించింది గాని, చట్టబద్ధమైన పట్టిక కాక సభ్యుల జాబితా ఉంచుకొనే వీలు మాత్రమే దక్కింది. వృద్ధురాలి మాటకు అంత బరువు ఉండేది.

ఆ సంవత్సరాలలోనే ఆమె మన దేశం కోసం వ్రాసినది కొద్దిగా కాదు. భారతదేశంలోని బ్రిటిష్ సైన్యపు ఆరోగ్యంపై 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్‌కు వెన్నెముక ఆమెయే. దేశానికి ఒక్కసారి కూడ రాకుండానే ప్రతి సైనిక స్థావరానికీ ప్రశ్నావళి పంపి సమాధానాలు తెప్పించారు. క్రమంగా ఆమె దృష్టి సైనికుల నుండి రైతుల మీదికి మళ్ళింది. 1876–78 నాటి మహాక్షామం బళ్ళారి, కర్నూలు, కడప సీమలను పీల్చి పిప్పి చేసిన వేళ రైతుల ఋణబాధ గురించి, నీటి పారుదల గురించి ఆంగ్ల పత్రికలలో వ్రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి కాలువల పక్షం వహించారు. గోదావరి నీటితో పండిన బియ్యం తినే యానాం పాఠకులు ఈ బంధాన్ని గుర్తుంచుకోవచ్చు.

1901లో న్యూజిలాండు నర్సుల నమోదుకై ప్రత్యేక చట్టం చేసింది. అప్పటికి ఆమెకు 81 ఏళ్ళు, చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ పొందిన తొలి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న లండనులో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధికి అవకాశమిచ్చినా బంధువులు వద్దని, ఈస్ట్ వెల్లో గ్రామపు చర్చి ఆవరణలో తల్లిదండ్రుల చెంతనే ఆమెను ఉంచారు. సమాధిపై పేరు లేదు, పొడి అక్షరాలు, తేదీలు మాత్రమే ఉన్నాయి.

ఆమె పోయిన తొమ్మిదేళ్ళకు, 1919లో, బ్రిటన్‌లో నర్సుల నమోదు చట్టం వచ్చింది. ఆ పట్టికలో మొదటి సంఖ్య ఫెన్విక్‌దే. తొలి ప్రభుత్వ పరీక్ష 1925లో జరిగింది. మరుసటి సంవత్సరమే, అనగా 1926లో, నాటి మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. బళ్ళారి, గంజాం మొదలుకొని నేటి మన సరిహద్దు మండలాలలో చాలా భాగం అప్పుడు ఆ రాజధానిలోనివే. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం అయింది.

ఫెన్విక్ కోరిన పరీక్ష నిలిచింది. నైటింగేల్ రెండవ ఆక్షేపణకు మాత్రం నేటి నియమాలలో కొంత చోటు దొరికింది. అమెరికాలో అక్యూట్ కేర్ నర్సుకు ఇచ్చే ధ్రువీకరణ ఐదేళ్ళకే ముగుస్తుంది. వృత్తిలో కొనసాగిన నిదర్శనం, కొత్త విద్య చూపి మరల పొందాలి. మన దేశంలో తీవ్ర చికిత్సా విభాగాల కోసం భారత నర్సింగ్ మండలి రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ళది. అందులో విద్యార్థిని ఎక్కువ కాలం ఆసుపత్రి విధులలోనే గడపాలి. తన చేతితో చేసిన ప్రతి పనినీ లాగ్‌బుక్కులో వ్రాసి, పక్కన నిలిచి చూచినవారి సంతకం తీసుకున్న తరువాతే పరీక్ష హాలుకు వెళుతుంది.