గిజిగాడి గూడు నిలబెట్టిన కెరీర్

బీటెక్ అయ్యాక ఉద్యోగం లేని రోజుల్లో, ఒక వానాకాలం సాయంత్రం మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువుకి బండి మీద వెళ్లా. అరుదైన పిట్ట ఏదైనా కనిపిస్తుందేమోనని ఆశ. ఏదీ కనిపించలేదు. ఈత చెట్లకి వేలాడుతున్న గిజిగాడి గూళ్లు చూసి వచ్చేశా. అలాంటి గూళ్లే ఒకప్పుడు ఒక నిరుద్యోగి కెరీర్‌ని నిలబెట్టాయని తర్వాత తెలిసింది. ఆయనే సలీం అలీ.

1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే అమ్మానాన్నలు పోతే మేనమామ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో కొట్టిన ఓ పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అదేం పిట్టో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. పక్షుల మీద ఇష్టం అక్కడ మొదలైంది.

చదువులో మాత్రం అంతంత మాత్రమే. 1913లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కారు. కాలేజీ మధ్యలో వదిలేసి, కుటుంబ వ్యాపారం చూసుకోవడానికి బర్మా వెళ్లారు. తిరిగొచ్చాక జువాలజీ చదివినా, చేతిలో యూనివర్సిటీ డిగ్రీ లేదు. అందుకే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. 1928లో సెలవు పెట్టి, బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెస్‌మన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టే తీసేశారు.

పెళ్లయింది, వయసు 33, ఉద్యోగం లేదు. భార్య తెహ్మినాతో కలిసి బొంబాయి దగ్గర సముద్ర తీరంలో ఉన్న కిహిం ఊరికి మారిపోయారు. ఇంటి దగ్గర చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే రోజుల తరబడి గమనించి, నోట్స్ రాసుకున్నారు. మగ పిట్ట సగం గూడు కట్టి ఆపుతుంది. ఆడ పిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతాది పూర్తిచేస్తుంది. ఆ తర్వాత ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడ పిట్ట కోసం చూస్తుంది. ఈ సంగతులన్నీ రాసి ప్రచురించాక పక్షిశాస్త్రవేత్తగా గుర్తింపు వచ్చింది.

ఆ తర్వాత ఖాళీ పోస్టుల కోసం ఎదురుచూడలేదు. సంస్థానాల్లో పక్షుల సర్వే చేస్తానని తనే ప్రతిపాదన పెట్టారు. జీతం వద్దు, ఖర్చులు ఇస్తే చాలన్నారు. అలా 1931-32లో హైదరాబాద్ సంస్థానం సర్వే చేశారు. తర్వాత ట్రావెన్‌కోర్, కొచ్చిన్ కూడా పిలిచాయి. జీతం లేకుండా పనిచేయడం మనలో చాలామందికి కుదరదు. ఆయనకి కుటుంబం అండ ఉంది. ఆ తేడా గుర్తుపెట్టుకోవాలి. కానీ నోటిఫికేషన్ లేని చోట పనిని తనే తయారుచేసుకున్నారు, అది మనమూ నేర్చుకోవచ్చు.

1939లో తెహ్మినా చనిపోయారు. అయినా పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షుల మీద పుస్తకం వచ్చింది. డిల్లన్ రిప్లీతో కలిసి పది సంపుటాల హ్యాండ్‌బుక్ రాశారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివి కోడి 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. వెతికి పట్టుకుంది ఆయన జీవితమంతా పనిచేసిన సొసైటీనే. అప్పటికి ఆయనకి 89 ఏళ్లు. పగలంతా పొదల్లో దాక్కునే పిట్ట అది. చూడాలంటే సాయంత్రం బయల్దేరి, చీకట్లో టార్చి వేసి వెతకాల్సిందే. శాస్త్రవేత్తలు అంతరించిందనుకున్న ఆ పిట్ట స్థానిక వేటగాళ్లకి ముందే తెలుసు. మరుసటి ఏడాది, 1987లో సలీం అలీ కన్నుమూశారు.

ఖాళీగా ఉన్న నెలల్లో ఏం చేశారని ఇంటర్వ్యూలో అడుగుతారు. ఒక్క చిన్న విషయమైనా పట్టుకుని, చివరిదాకా చూసి, రాసి పెట్టుకోండి. చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. ఆ సాయంత్రం శామీర్‌పేటలో నేను గూళ్లని అలా చూసి వచ్చేశా. ఈసారి వెళ్తే నోట్‌బుక్ కూడా తీసుకెళ్తా.