టీవీ బొమ్మను నిలబెట్టిన బ్లమ్‌లైన్.. 38 ఏళ్లకే విమాన ప్రమాదంలో మృతి

పాత డబ్బా టీవీలు గుర్తున్నాయా? ఒక్కోసారి తెర మీద మనిషి ముఖం ఒక పక్క సాగిపోయి, ఇంకో పక్క నొక్కుకుపోయి కనిపించేది. బొమ్మను అడ్డంగా గీసే లైన్ సర్క్యూట్ సరిగా పనిచేయకపోతే అలా జరుగుతుంది. ఆ సర్క్యూట్‌కు బాట వేసిన వారిలో ముఖ్యుడు ఇంగ్లండ్ ఇంజినీర్ అలాన్ డోవర్ బ్లమ్‌లైన్.

1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఆయన పుట్టారు. ఏడేళ్ల వయసులోనే ఇంటి కాలింగ్ బెల్ బాగుచేసి, తండ్రికి బిల్లు కూడా ఇచ్చారని చెబుతారు. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీలో చేరారు. రెండేళ్లకు అది ఈఎంఐలో కలిసింది. 1931లోనే స్టీరియో సౌండ్‌కు పేటెంట్ దరఖాస్తు చేశారు. ఆ తర్వాత టీవీ పనిలోకి దిగారు.

పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ల కిరణం ఎడమ నుంచి కుడికి ఒక్కో లైను గీస్తూ పోతుంది. దాన్ని అలా నడిపించేది ట్యూబ్ మెడ చుట్టూ ఉండే కాయిల్. అందులో కరెంటు ఒకే తీరుగా పెరగాలి. మధ్యలో మందగించిందంటే గుండ్రటి బొమ్మ కాస్తా కోడిగుడ్డులా అయిపోతుంది. లైను చివర కిరణం చటుక్కున వెనక్కి రావాలి. 405 లైన్ల బ్రిటన్ టీవీలో ఈ రాకపోకలన్నీ కలిపి సెకనులో పదివేలవ వంతు లోపే అయిపోవాలి.

లైను చివరికి వచ్చేసరికి కాయిల్‌లో చాలా శక్తి పోగవుతుంది. దాన్ని వేడిగా వృథా చేయడం ఎందుకని బ్లమ్‌లైన్ ఆలోచించారు. ఉయ్యాల ఒక కొసకు వెళ్లి తనంతట తానే వెనక్కి వస్తుంది కదా! అలాగే కాయిల్‌లోని శక్తి కెపాసిటర్‌లోకి వెళ్లి, తిరిగి కాయిల్‌లోకే వస్తుంది. అప్పటికి కరెంటు దిశ మారిపోతుంది, కిరణం ఎడమ కొసకు చేరిపోతుంది. ఈ పద్ధతికి ఆయన 1932లో పేటెంట్ దరఖాస్తు చేశారు. 1936 నవంబర్ 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. అందులో ఈఎంఐ బృందం కష్టం చాలా ఉంది.

తర్వాత తెరలు చదునుగా మారాయి. దాంతో అంచుల దగ్గర బొమ్మ సాగడం మొదలైంది. కాయిల్‌కు వరుసలో ఇంకో కెపాసిటర్ పెట్టి, రెండు అంచుల్లో కిరణం జోరు కాస్త తగ్గించారు. బొమ్మ మళ్లీ సరైంది. ఈ సర్దుబాట్లన్నీ ఉయ్యాల సూత్రం మీద నిలిచినవే. ట్యూబ్ టీవీలు ఉన్నన్నాళ్లూ అదే నడిచింది.

యుద్ధం వచ్చింది. చీకట్లోనూ, మబ్బుల్లోనూ కింది నేలను తెర మీద చూపే హెచ్2ఎస్ రాడార్ పనిలో బ్లమ్‌లైన్ కూడా చేరారు. 1942 జూన్ 7న ఆ రాడార్‌ను పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం ఇంజన్‌కు మంటలంటుకుని హియర్‌ఫర్డ్‌షైర్‌లో కూలిపోయింది. అందులో ఉన్న 11 మందీ చనిపోయారు. బ్లమ్‌లైన్‌కు 39 నిండటానికి ఇంకా మూడు వారాలుంది. భార్య, ఇద్దరు చిన్న కొడుకులు మిగిలారు.

రాడార్ రహస్యం శత్రువుకు తెలియకూడదని ఆ వార్తను బయటకు రానివ్వలేదు. 128 పేటెంట్లు సాధించిన మనిషి ఆ రోజుల్లో తగిన నివాళి కూడా లేకుండానే వెళ్లిపోయారు. 2017లో స్టీరియోకు గాను ఆయనకు టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. అప్పటికి ఆయన పోయి 75 ఏళ్లు. ఆయన సర్క్యూట్ నడిపిన డబ్బా టీవీలు కూడా అప్పటికి ఇళ్లలోంచి దాదాపు వెళ్లిపోయాయి.