నకలు రాయించిన దొర

మన సంఘ సభ్యులలో చాలామంది ఆఫీసుల్లో నకళ్ళు రాస్తూ ఉద్యోగం మొదలుపెట్టినవారే. ఆలంపూరు తాలూకా కచేరీలో చేరిన కొత్తలో నా పని కూడా అదే. ఒకరు అసలు కాగితం పైకి చదివితే, ఇంకొకరు నకలు చూసుకుంటూ పోవాలి. తప్పుంటే దిద్ది, సరిచూసినట్లు సంతకం చేయాలి. ఇదీ ఒక పనేనా అని నాకు నామోషీగా ఉండేది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితం చదివిన తరువాత ఆ అభిప్రాయం పోయింది.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1817లో కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరి, అక్కడే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. 1820లో కడపకు వేశారు. ఆ రోజుల్లో మన కావ్యాలు తాళపత్రాల మీదే ఉండేవి. ఆకులను పురుగు తినేది. ఒకరి ప్రతి చూసి మరొకరు రాసుకునేటప్పుడు తప్పులు చేరేవి. ఇలాగే వదిలేస్తే గ్రంథాలు దక్కవని బ్రౌన్ గ్రహించాడు.

కడపలో బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను సొంత జీతంలోంచి పోషించాడు. జీతం చాలక అప్పులు కూడా చేశాడు. ఊరూరా ప్రతులు సేకరించడం, ఒకే గ్రంథానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి చదివించడం, పాఠభేదాలు గుర్తించడం, సరైన పాఠం తేల్చి కాగితం మీద శుద్ధప్రతి రాయించడం అక్కడి పని. మనం కచేరీలో చేసినది ఇదే గదా!

అలా తేల్చిన వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. జూలూరి అప్పయ్య పండితుని వ్యాఖ్యతో మనుచరిత్ర 1851లో వెలువడింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది.

ఉద్యోగం మాత్రం పూలబాట కాదు. 1832-33లో గుంటూరు సీమలో డొక్కల కరువు వచ్చినప్పుడు దానిని కరువు అనే రాశాడు. పైవారు మందలించారు. 1834లో ఉద్యోగం పోయింది. లండన్ వెళ్ళి, అక్కడి ఇండియా హౌస్‌లో పడివున్న దక్షిణాది గ్రంథాలను చూసి, వాటిని మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించాడు. తరువాత మళ్ళీ కొలువు దొరికి మద్రాసు వచ్చాడు. తాను కూడబెట్టిన రెండు వేలకు పైబడిన గ్రంథాలను 1845లో అక్కడి లిటరరీ సొసైటీ గ్రంథాలయానికి ఇచ్చేశాడు.

1855లో ఇండియా విడిచి వెళ్ళాడు. మనలాగే రిటైరయ్యాడన్నమాట. అయినా ఊరకే కూర్చోలేదు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో ఆయన పేరిట గ్రంథాలయం వెలిసింది.

బ్రౌన్ కావ్యం రాసి కవి అనిపించుకోలేదు. ఇతరులు రాసినదాన్ని తప్పు లేకుండా ముందుతరానికి అందించాడు. ఆ పని చేయకపోతే ఎన్ని గ్రంథాలు మనకు మిగిలేవో! ఆయన బంగళాలో కూర్చుని రాసిన లేఖకులలో చాలామంది పేర్లు కూడా నేడు ఎవరికీ తెలియవు. వారి రాత మాత్రం నిలిచింది.

మిత్రులారా, మీ ఇంటి అటక మీద తాతలనాటి తాళపత్రాలు గాని, పాత కాగితాలు గాని ఉంటే పారేయకండి. దింపి, దుమ్ము దులిపి, ఒక నకలు తీయండి. తీసినది తప్పక సరిచూడండి. ఆ విద్య మనకు వచ్చినదే.